వెన్న కన్ను, సున్నం కన్ను

కంట్లో చుక్కలు వేయించుకునేటప్పుడు మా బాబాయి నోరు తెరిచేవాడు. కన్ను చిన్నగా, నోరు పెద్దగా. అరుగు మీద వెల్లకిలా పడుకుని, తల పిన్ని ఒళ్ళో పెట్టి "ఊఁ, వెయ్యి" అని నోరు తెరిస్తే, పిన్ని సీసా పట్టుకుని ఒక్క క్షణం ఆగేది.

"కంట్లోనా, నోట్లోనా?"

ప్రతిసారీ అడిగేది.

"నీ ఇష్టం. రెంటికీ దాహంగానే ఉంది" అనేవాడు ఆయన. చుక్క పడగానే టక్కున నోరు మూసేవాడు. "మూసుకోకపోతే మందు నోట్లోంచి ఆవిరైపోద్దిరా" అని నాకు శాస్త్రం చెప్పేవాడు.

మొన్న నాకూ కంటి డాక్టరు చుక్కలు రాశాడు, కళ్ళు పొడిబారుతున్నాయని. అద్దం ముందు తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి, ఓరగా చూసుకుంటే నా నోరు బార్లా తెరుచుకుని ఉంది. ఆయన పోయిన ఇన్నేళ్ళకి ఆ అద్దంలో కనిపించినట్టయి నవ్వొచ్చింది. చుక్క బుగ్గ మీద పడింది.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడేం కాదు. మార్టూరు దగ్గర మా ఊళ్ళో మా పక్కింటాయన. పత్తీ, మిరపా వేసేవాడు. నేను రోడ్డు మీద సైకిలు షాపు నడిపేవాణ్ణి. బడిలో పదో తరగతి తప్పి, గ్రంథాలయంలో గట్టెక్కినవాణ్ణి. మా శాఖా గ్రంథాలయం బీరువాల్లో చెదపురుగులు తినగా మిగిలిన పుస్తకాలన్నీ నేను తిన్నాను. వైద్యమైనా ఖగోళమైనా తెలుగులో దొరికిందల్లా చదివాను. ఈ సంగతి నాకంటే ఎక్కువగా బాబాయే చెప్పుకునేవాడు. "మావాడు పంక్చరు వేస్తా కూడా చదువుతాడండీ. అందుకే మళ్ళీ సాయంత్రానికి గాలి పోద్ది."

ఆయనకి లోకంలో నమ్మకం లేని వస్తువు ఒక్కటే, సీసా. పత్తికి శనగపచ్చ పురుగు పట్టి, ఎన్ని మందులు కొట్టినా చావకుండా రైతుల్ని ఏడిపించిన రోజులవి. పురుగుకంటే సీసాల్లో నకిలీ ఎక్కువ. బాబాయి ఏ సీసా కొన్నా మూత తీసి వాసన చూసేవాడు. గ్లాసుడు నీళ్ళలో రెండు చుక్కలు వేసేవాడు. పాలలా తెల్లబడితే మందు, లేకపోతే మోసం. అంతటితో ఊరుకునేవాడు కాదు. చేనంతా మందు కొట్టినా ఒక్క సాలు మాత్రం కొట్టకుండా వదిలేసేవాడు. కొట్టిన సాలూ వదిలిన సాలూ వారం తర్వాత ఒకేలా కనిపించాయా, ఖాళీ సీసా చేతబట్టుకుని మందుల కొట్టు ముందు నిలబడేవాడు. "వదిలిన సాలు అబద్ధం ఆడదురా" అనేది ఆయన మాట.

ఇక ఆయన అసలు గొప్ప ఆయన కన్ను. ఆకు తిరగేసి, ఎండకి అడ్డం పెట్టి, ఇది పచ్చదోమ, ఇది తామర పురుగు, ఇది పురుగు కాదు మన భయం, అని తేల్చేసేవాడు. చుట్టుపక్కల రైతులు ఆకులు తెంపుకుని ఆయన అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళు. "పురుగుని మనం చూడకపోతే కొట్టువాడు చూపిస్తాడు. వాడు చూపించే పురుగుకి మందు ఎప్పుడూ వాడి కొట్లోనే ఉంటది" అనేవాడు.

అలాంటి మనిషి ఒక మిట్టమధ్యాహ్నం మిరప ఆకు తిరగేసి చూసి, శుభ్రంగా ఉందన్నాడు. పక్కనున్న పిన్ని ఆకు లాక్కుని, "ఇదేంటయ్యా, తామర పురుగు తిరునాళ్ళ చేస్తుంటే!" అంది. బాబాయి ఆకు మళ్ళీ తీసుకున్నాడు. దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. ఆకు పిన్ని చేతికిచ్చేశాడు.  ఇంటికి వస్తూ గట్టు మీద ఆగి నన్ను మెల్లగా అడిగాడు.

"ఏరా, ఎండాకాలంలో మంచు పడద్దా?"

"పడదు బాబాయ్."

"మరయితే గుంటూరు పోదాం పద."

బ్రాడీపేటలో ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆయన కళ్ళలోకి దీపం వేసి చాలాసేపు చూసి, షుగరు వల్ల కంటి వెనక తెర మీద సన్నటి నాళాలు కారుతున్నాయనీ, తెర చెమ్మగిల్లి ఉబ్బుతోందనీ చెప్పింది. నేను ఊరుకోలేక, "రెటీనా, బాబాయ్. తెలుగులో నేత్రపటలం అంటారు" అన్నాను.

"పటాలమా? మరి ఇన్నాళ్ళూ కాపలా కాయకుండా ఏం చేసింది?"

డాక్టరమ్మ నవ్వింది. అదే ఆమె చేసిన పొరపాటు. నవ్విన మనిషిని బాబాయి వదిలిపెట్టడు. "అంటే తల్లీ, స్ప్రేయరుకి వాషరు పోయింది. కొత్త వాషరు వేస్తారా?"

ఈ జబ్బుకి అప్పటికి తెలిసిన వైద్యం లేజరు. అయితే చుక్కల మందుతో కూడా ఆ చెమ్మ ఆరుతుందేమోనని వాళ్ళు పరీక్ష చేస్తున్నారట. ఈయన జబ్బు ఇంకా ముదరలేదు కాబట్టి కొన్నాళ్ళు ఆగి చూడొచ్చు, ముదిరే సూచన కనిపిస్తే వెంటనే లేజరు చేసేస్తామంది. లేజరంటే కంట్లో వెల్డింగేమో అనుకున్న బాబాయి చుక్కలకి సంతోషంగా తల ఊపాడు. అప్పుడు ఆమె అసలు విషయం చెప్పింది. పరీక్షలో చేరినవాళ్ళలో కొందరికి మందున్న చుక్కలు ఇస్తారు, కొందరికి మందు లేని మామూలు చుక్కలు. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

బాబాయి ముందుకి వంగాడు. "సీసాలో ఏముందో మీకూ తెలీదా?"

"తెలీదండీ. తెలిస్తే పరీక్ష చెడిపోతుంది."

"సరిగ్గా ఇదే మాట మా మందుల కొట్టువాడు అన్నాడమ్మా. వాడి మీద ఊరంతా కలిసి కేసు పెట్టాం."

ఈ పద్ధతి గురించి నేను చదివి ఉన్నాను. మందు వేసుకున్నామన్న నమ్మకంతోనే మనిషికి సగం నయమైనట్టు అనిపిస్తుంది కాబట్టి, ఆ సగాన్ని పక్కకి తీసేయడానికే ఈ ఏర్పాటని వివరించాను. "నీ వదిలిన సాలు లాంటిదే బాబాయ్" అన్నాను. ఆయన మొహం వెలిగింది. సంతకం పెట్టాడు. బయటికి వచ్చి మెట్ల మీద ఆగిపోయాడు.

"ఒరేయ్, సాలు వదిలేది నేను. ఇప్పుడు ఆ సాలు నేనయితే?"

ఇంటికి రాగానే గ్లాసులో నీళ్ళు పోసి రెండు చుక్కలు వేశాడు. తెల్లబడలేదు. "చూశావా!" అన్నాడు. కంటి మందు తెల్లబడదు బాబాయ్ అన్నాను. మర్నాడు పత్తి ఆకు మీదున్న పచ్చపురుగు నెత్తిన ఒక చుక్క వేశాడు. పురుగు తల విదిలించుకుని తన పని తాను చూసుకుంది.

"కంట్లో వేసుకునే మందు పురుగుని చంపుతుందా ఏంటి?"

"చంపుద్దని ఎవడన్నాడు? దానికి చూపు మెరుగుపడి నన్ను గుర్తుపడతదేమోనని వేశా."

రెండోసారి గుంటూరు వెళ్ళినప్పుడు ఆసుపత్రి బల్ల మీద ఆయన పక్కన ఒక సాయిబుగారు కూర్చున్నారు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ నడిపే మనిషి. తెల్ల లాల్చీ, తెల్ల గడ్డం, కనుబొమ్మల్లో కూడా సున్నం. ఆయనా ఇదే జబ్బుతో, ఇదే పరీక్షలో చేరినాయనే. రాయి సరిగ్గా కాలిందో లేదో బట్టీ నోట్లో మంట రంగు చూసి చెప్పేవారట. ఇప్పుడు ఆ రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయట. "నాకు మంట కనపడకపోతే, రాయి కాలిందని కూలోడు చెప్తే నమ్మాలి" అన్నారు. బాబాయి ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. తనకి పురుగు, ఆయనకి మంట. అంతకుమించి పరిచయం అక్కర్లేకపోయింది.

కాసేపటికి బాబాయి గొంతు తగ్గించాడు. "సాయిబుగారూ, మీది అసలుదంటారా, ఉత్తదంటారా?"

"దేవుడికి తెలియాలి."

"దేవుడికీ చెప్పి ఉండరు. ఒక మాట చెప్తా వినండి. ఒకే కంపెనీ విత్తనం చేనంతా వేస్తామా? సగం ఒకడిది, సగం ఇంకొకడిది. ఒకడు ముంచినా ఒకడు తేలుస్తాడు. మీ చుక్కలు ఒక కంట్లో, నా చుక్కలు ఒక కంట్లో. మనిద్దరిలో ఎవరిది అసలుదైనా చెరొక కన్ను దక్కుద్ది."

నేను అడ్డుపడ్డాను. పరీక్ష చెడిపోతుందన్నాను. సాయిబుగారు నా వంక జాలిగా చూసి, "నీ కళ్ళు బాగున్నాయా అబ్బాయ్?" అని అడిగారు. బాగున్నాయన్నాను. "అయితే నువ్వు టీ తాగు" అన్నారు.

ఆసుపత్రి ఎదుటి టీ బంకులో ఇద్దరూ సీసాలు సగం సగం మార్చుకున్నారు. కలిసిపోకుండా బాబాయి తన సీసాల మెడకి పత్తి దారం కట్టాడు. సాయిబుగారు బంకు పక్కన కిళ్ళీ కొట్టు సున్నం డబ్బాలో వేలు ముంచి, తన సీసాలన్నిటికీ సున్నం బొట్టు పెట్టారు. అప్పుడు బాబాయికి సామెత తట్టింది. "ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెడతారని పక్షపాతాన్ని తిడతాం గదా. ఇదిగో, మనకి నిజంగానే వచ్చింది. మీది సున్నం. మాది పాడి ఉన్న ఇల్లు, మాది వెన్న." ఇద్దరికీ కుడిది సున్నం కన్ను, ఎడమది వెన్న కన్ను అని తీర్మానమైంది. కన్ను ఇచ్చి కన్ను పుచ్చుకున్నారు కాబట్టి అది వియ్యమే అన్నాడు బాబాయి. ఆ పూట నుంచి ఒకరినొకరు బావగారూ అని పిలుచుకున్నారు.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఆ టీ బంకులో చూడాలి వాళ్ళ మర్యాదలు.

"మీ సున్నమేనండీ బావగారూ, అసలు మందు. కుడి కంట్లో చేను పచ్చగా కనపడతంది."

"ఛ ఛ, మీ వెన్న ముందు మాదెంత? ఎడమ కంట్లో మంట ఎర్రగా విడిగా కనపడతంది."

ఎదుటివాడి సీసా వల్లే బాగుందని ఇద్దరూ ఒట్టు వేసేవాళ్ళు. అక్షరాల అట్ట ముందు నిలబెడితే మాత్రం ఇద్దరూ ఏ కన్ను మూసినా ఒకే వరుస దగ్గర ఆగిపోయేవాళ్ళు. ఇది నేను గమనించాను. చెప్పాను కూడా. "అట్టకేం తెలుసురా, అది చేలోకి వచ్చిందా?" అన్నాడు బాబాయి.

గుట్టు బయటపడింది సున్నం వల్లే. ఒకసారి డాక్టరమ్మ వాడేసిన సీసాలు చూపించమంది. బాబాయి ఏ ధ్యాసలో ఉన్నాడో, సంచి బల్ల మీద బోర్లించాడు. దారం కట్టినవీ, తెల్లబొట్టు పెట్టినవీ కలిసి దొర్లాయి. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఈ తెల్లదేమిటి?"

"సున్నమండీ."

కంటి డాక్టరు దగ్గర అనకూడని మాట అదొక్కటే అనుకుంటాను. ఆమె కుర్చీ వెనక్కి పడిపోయింది. "సున్నమా! నీళ్ళు, నీళ్ళు!" అని కేకేసి, నర్సు వచ్చేలోపే ఆయన తల వెనక్కి వంచి, రెప్పలు విప్పి, కళ్ళలో ధారగా నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. బాబాయి అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. నీళ్ళన్నీ అందులోకి పోయాయి. గుటకల మధ్య ఆయన అరుస్తున్నాడు. "కంటికి కాదమ్మా! సీసాకి! సీసాకి!"

ఆ గోలకి బయట బల్ల మీదున్న సాయిబుగారు పరుగున వచ్చారు. తడిసి ముద్దయి కూర్చున్న వియ్యంకుణ్ణీ, బల్ల మీద తమ సీసాలనీ చూసి, "అయ్యో, చెప్పేశారా బావగారూ?" అన్నారు.

అప్పటిదాకా బాబాయి ఏమీ చెప్పలేదు.

సంగతంతా విన్నాక డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "ఎవరి కంట్లో ఏది పడిందో ఇప్పుడు నేనేమని రాసుకోను? మీ ఇద్దర్నీ పరీక్షలోంచి తీసెయ్యాలి. ఈ చుక్కలు నిజంగా పనిచేస్తాయా లేదా అని రేపు మీలాంటి వాళ్ళందరికీ ఎవరు చెప్తారు? మీకు ఇదంతా ఆటగా ఉందా?"

బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాసేపు ఆ సీసాల వంకే చూశాడు. "అంటే మేము వదిలిన సాలులో మందు కొట్టామన్నమాట" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. ఆయనే నెమ్మదిగా వివరించాడు. సాలు ఎందుకు వదులుతారో, రాత్రికి రాత్రి ఎవడైనా దాంట్లోనూ కొడితే ఆ ఏడు ఊరంతటికీ సాక్ష్యం ఎలా పోతుందో. "మా ఊళ్ళో ఎవడన్నా ఈ పని చేస్తే గట్టు మీద నిలబెట్టి తిట్టేవాణ్ణి తల్లీ. తప్పే. కానీ సాలుకి కళ్ళు లేవు గదా. మాకున్నాయి. ఉన్నాయి గాబట్టే భయం."

 డాక్టరమ్మ పడిపోయిన కుర్చీ ఎత్తుకుని కూర్చుని, ఇద్దరికీ లేజరుకి రోజు రాసింది. "ఆ రోజు మాత్రం ఎవరి కళ్ళు వాళ్ళు తెచ్చుకోండి" అంది.

లేజరుతో చెమ్మ ఆరింది. పోయిన చూపంతా రాలేదు, ఉన్నది నిలిచింది. ఆ ఏడు మిరప చేలో బాబాయి ఆకు తిరగేసి చూడడం మానేసి కొత్త పద్ధతి కనిపెట్టాడు. తెల్ల పంచె చెంగు మొక్క కింద పట్టి కొమ్మని తట్టేవాడు. రాలిన పురుగులు తెలుపు మీద చుక్కల్లా కదిలేవి. ఎడమ కన్ను మూసి, సున్నం కంటితో చూసేవాడు. "దొరికావురా తామర పురుగూ!" ఆ కేక రోడ్డు మీద నా షాపులోకి వినపడింది. మందుల కొట్టువాడికి కూడా వినపడే ఉంటుంది.

కొన్నాళ్ళకి పరీక్ష ముగిసి, ఎవరి సీసాల్లో ఏముందో తెలిసింది. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చెప్పింది. "మీ సీసాల్లో మందు లేదండీ. తేమకి వేసే మామూలు చుక్కలే." సాయిబుగారి సంగతి ఆయనకే చెప్తాను, మీకు చెప్పకూడదు అంది.

మెట్ల మీద మళ్ళీ ఆగిపోయాడు బాబాయి. "చూశావంట్రా! నా వెన్నలో వెన్న లేదు. ఆయన సున్నమే అసలు మందు, అందుకే నా కుడి కన్ను బాగుంది. ఆ మహానుభావుడు నాకు మందు పోశాడు, నేనాయనకి నీళ్ళు పోశాను."

"అలా తేల్చడానికి లేదు బాబాయ్. రెండు కళ్ళకీ లేజరు చేశారు. అదీగాక ఆయనది కూడా..."

"నోరు మూసుకో. ఆయనకి మాత్రం చెప్పకు. వెన్న కన్ను బాగుందని పాపం ఎంత సంబరపడతన్నాడో."

అక్కణ్ణించి మొదలయ్యాయి పెట్టుపోతలు. మొదటి కోత మిరపకాయలు పిడుగురాళ్ళ వెళ్ళాయి. వెనకాలే గోంగూర పచ్చడి జాడీ వెళ్ళింది. అటునుంచి రంజానుకి సేమ్యా వచ్చింది, ఆ వెనక లారీలో సున్నం బస్తాలు దిగాయి. ఒక ఇంటికి ఎంత సున్నం పడుతుంది? మా వీధి వీధంతా తెల్లబడింది. ఇటునుంచి నెయ్యి వెళితే, అటునుంచి ఇంకాస్త సున్నం. "నిజం వియ్యంకులకి కూడా ఇన్ని ఉండవయ్యా" అని పిన్ని విసుక్కునేది. మా గ్రంథాలయం గోడలకి నా చేత్తో నేనే వేశాను ఆ సున్నం. బాబాయి రుణపడ్డాడు కాబట్టి పంపుతున్నాడు, సరే. సాయిబుగారు దేనికి పంపుతున్నారో నాకు అంతుపట్టలేదు. మంచి మనిషి అనుకున్నాను.

బాబాయి పోయింది కంటితో కాదు, గుండెతో. ముందురోజు సాయంత్రం కూడా పంచె చెంగులో పురుగు పట్టుకుని వచ్చాడు.

పెద్దకర్మ రోజు పొద్దున్నే సాయిబుగారు మొదటి బస్సుకి వచ్చారు. షామియానా కింద, దండ వేసిన ఫోటో ముందు నిలబడి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని, ఎడమ కంటితో చూస్తూ ఉండిపోయారు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చోలేదు. నన్ను చూసి భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు.

"అబ్బాయ్, నువ్వు చదువుకున్నోడివి, నిజం చెప్పు. మా బావగారికి తెలిసిపోలేదు గదా?"

"ఏంటండీ?"

"నా సీసాల్లో మందు లేదంట. ఉత్త చుక్కలేనంట. డాక్టరమ్మ చెప్పింది. అంటే ఆయన నాకు అసలు మందు ఇచ్చాడు, నేనాయన కంట్లో నీళ్ళు పోశాను. చెప్పడానికి మొహం చెల్లలేదు. సున్నం పంపుతా కూర్చున్నా." ఆయన గొంతు తగ్గింది. "ఈ కంటితోనే ఈ రోజుకీ బట్టీ మంట చూస్తన్నా. ఇది ఆయన కన్నే."

ఆ ఎడమ కంట్లోంచి ఒక చుక్క గడ్డంలోకి జారింది. కుడి కన్ను పొడిగానే ఉంది. ఒట్టు, నేను చూశాను.

రెండు సీసాల్లోనూ మందు లేదని లోకంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే, డాక్టరమ్మా నేనూ. గ్రంథాలయంలో చదువుకున్నదంతా ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చింది. నమ్మకం చేసే సగం నయం గురించి, అక్షరాల అట్ట గురించి, లేజరు గురించి. చెప్పడానికి నోరు తెరిచాను. బార్లా తెరిచాను.

"తెలియదు సాయిబుగారూ" అన్నాను. "మీ సున్నమే అసలు మందని చివరిదాకా అనేవాడు."

ఆ తర్వాత, మందు ఆవిరైపోకుండా, టక్కున మూసుకున్నాను.